ఉండేవాళ్ల మాట, చూసేవాళ్ల మాట

మీరుండే ఏరియాకి పదికి ఎన్ని మార్కులు వేస్తారు? అమెరికాలో ప్రభుత్వం 1973లో మొదలుపెట్టిన ఇళ్ల సర్వేలో ఇప్పుడు ఇదే మాట అడుగుతున్నారు. ఎక్కువమంది ఏడో ఎనిమిదో, కొందరు పదికి పదో వేసేస్తారు. అదే మనుషుల్ని నలుగురిలో కూర్చోబెట్టి కదిలిస్తే పార్కింగ్ గొడవలు, రాత్రిపూట సౌండ్లు, ఎవరూ ఎత్తని చెత్త గురించి గంటసేపు చెబుతారు. అలాగని మార్కులు వేసేటప్పుడు వాళ్లు అబద్ధమాడారని కాదు. అసలు నచ్చనివాళ్లలో వీలున్నవాళ్లు ఎప్పుడో ఇల్లు మారిపోయి ఉంటారు. మిగిలినవాళ్లకు ఉన్నదానితో సర్దుకోవడం అలవాటైపోతుంది. పైగా ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషితో ‘మాది చెత్త ఏరియా’ అని ఎవరంటారు? కడుపు చించుకుంటే కాళ్ల మీదే కదా పడేది!

ఇంత డొంకతిరుగుడు ఉన్నా, అసలు ఆ ప్రశ్న అడగడమే పెద్ద మార్పు. అంతకుముందు చాలాకాలం ఏ వీధి మంచిదో, ఏ వీధి పనికిరానిదో అక్కడ ఉండేవాళ్లు చెప్పలేదు. పటాలు గీసేవాళ్లు, అప్పులిచ్చేవాళ్లు, నగరాలకు ప్లాన్లు వేసేవాళ్లు చెప్పారు.

చార్లెస్ బూత్ ఓడల వ్యాపారి. లండన్‌లో పేదరికం ఎంతుందో సొంత డబ్బుతో లెక్కతీయాలని 1886లో మొదలుపెట్టాడు. 1889లో అచ్చయిన ఆయన పటంలో వీధి వీధికీ రంగు వేశారు. డబ్బున్న వీధులకు పసుపు, ఓ మాదిరి వాటికి గులాబీ, పేద వీధులకు నీలం, అన్నిటికంటే అడుగున ఉన్నవాటికి నలుపు. ఆ నల్ల వీధుల్లో ఉండేవాళ్లను దుష్టులు, సగం నేరస్తులు అన్న అర్థం వచ్చే మాటలతో వర్ణించారు. మరి రంగు ఎవరి మాట మీద వేశారు? బడికి రాని పిల్లల కోసం ఇళ్ల చుట్టూ తిరిగే స్కూలు బోర్డు ఉద్యోగుల మాట మీద. తర్వాత పటాన్ని సవరించినప్పుడు బూత్ సహాయకులు బీటు పోలీసుల వెంట వీధులన్నీ నడిచి నోట్సు రాసుకున్నారు. బూత్‌ను తప్పుపట్టడం తేలికే గానీ, లండన్‌లో నూటికి 30 మంది పేదరికంలో ఉన్నారని లెక్కతో సహా చూపించింది ఆయనే. కాకపోతే నల్లరంగు పడ్డ వీధిలో ఉండే మనిషికి ఆ వీధి మీద ఏ అభిప్రాయం ఉందో ఆ పటంలో ఎక్కడా దొరకదు.

అమెరికాకు వచ్చేసరికి ఈ రంగులకు డబ్బు బలం తోడైంది. మాంద్యం రోజుల్లో ఇళ్ల అప్పుల్ని ఆదుకోవడానికి 1933లో పెట్టిన ఒక ప్రభుత్వ సంస్థ, 1935 నుంచి 1940 దాకా రెండొందలకు పైగా నగరాలకు పటాలు గీయించింది. ఆకుపచ్చ అయితే భేషుగ్గా ఉన్నట్టు, ఎరుపు అయితే అప్పుకు ప్రమాదం. నల్లజాతివాళ్లు ఉండే పేటలు దాదాపు అన్నీ ఎరుపులోనే పడ్డాయి. అప్పులు ఆగిపోవడానికి ఈ పటాలే కారణమా, ఇళ్ల అప్పులకు హామీ ఇచ్చే మరో ప్రభుత్వ సంస్థ నిబంధనలా అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎవరి వల్లయితేనేం, అప్పు పుట్టని చోట రిపేర్లు ఆగాయి. రిపేర్లు ఆగితే ఇళ్లు పాడుబడ్డాయి. పాడుబడ్డ ఇళ్లను చూపించి ‘చూశారా, మేం ముందే చెప్పాం’ అన్నారు. ఈ తరహా వివక్షను చట్టం నిషేధించింది 1968లో.

పడగొట్టడం ఆ తర్వాతి అంకం. 1949 నాటి గృహనిర్మాణ చట్టం మురికివాడలను తొలగించడానికి కేంద్రం నుంచి డబ్బిచ్చింది. బాస్టన్‌లోని వెస్ట్ ఎండ్ ఆ జాబితాలోకి ఎక్కింది. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది. యూదులు, పోలండ్‌వాళ్లు, ఇంకా చాలామంది ఉండేవాళ్లు. ఇరుకు సందులు, పాత అపార్ట్‌మెంట్లు, చవక అద్దెలు. హెర్బర్ట్ గాన్స్ అనే సామాజికవేత్త 1957 అక్టోబరులో అక్కడే మకాం పెట్టి ఎనిమిది నెలల పాటు ఉన్నాడు. బయటివాళ్లు మురికివాడ అంటున్న చోట ఆయనకు కనబడింది వేరు. బంధువులు ఒకే వీధిలో, మేనత్త ఇల్లు పై అంతస్తులో. చుట్టపుచూపుకు కబురు పెట్టి వెళ్లాల్సిన పనే లేదు. తామున్నది మురికివాడ అని అక్కడివాళ్లు అనుకోవడం లేదని ఆయన రాశాడు.

కూల్చక ముందే మార్క్ ఫ్రీడ్ అనే మనస్తత్వవేత్త బృందం ఇంటింటికీ వెళ్లి అడిగింది. వెస్ట్ ఎండ్ నచ్చిందని, బాగా నచ్చిందని నూటికి 75 మంది చెప్పారు. నచ్చలేదన్నవాళ్లు పదిమందే. 1958లో కూల్చివేత మొదలైంది. దాదాపు 2,700 కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. తలా ఓ దిక్కుకు వెళ్లినవాళ్లను వెతికి పట్టుకుని ఫ్రీడ్ మళ్లీ అడిగాడు. రెండేళ్లు గడిచినా బాధగానే ఉందని ఆడవాళ్లలో నూటికి 26 మంది చెప్పారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కుంగిపోయామన్నవాళ్లు ఇంకో 20 మంది. 1963లో అచ్చయిన వ్యాసంలో ఫ్రీడ్ దీన్ని దుఃఖమనే అన్నాడు. మనిషి పోయినప్పుడు కలిగే దుఃఖంతో సూటిగా పోల్చాడు. ఇళ్లు మారితే కాస్త బెంగ మామూలే, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని కొట్టిపారేసే అధికారులకు అది మింగుడుపడని విషయం.

ఆ స్థలంలో డబ్బున్నవాళ్ల కోసం ఎత్తైన అపార్ట్‌మెంట్లు లేచాయి. పక్కనే వెళ్లే పెద్ద రోడ్డు మీద రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే వాళ్లకు కనబడేలా ఒక బోర్డు పెట్టారు: మీరు ఇక్కడ ఉండి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్లు. అపార్ట్‌మెంట్లు అమ్ముకోవడానికి రాసిన మాటే గానీ, ఖాళీ చేయించిన కుటుంబాల్లో ఎవరైనా ఆ దారిన పోతూ చదివితే ఎలా ఉంటుంది? బాస్టన్ పునర్నిర్మాణ సంస్థ ఈ విషయంలో బహిరంగంగా క్షమాపణ చెప్పడానికి 2015 దాకా పట్టింది.

లండన్ కథ కూడా దగ్గర దగ్గర ఇలాగే నడిచింది. మైకేల్ యంగ్, పీటర్ విల్మట్ 1957లో బెత్నల్ గ్రీన్ అనే పేద పేట మీద పుస్తకం రాశారు. అక్కడినుంచి ఊరి బయట కట్టిన కొత్త కాలనీకి వెళ్లిన కుటుంబాలకు స్నానాల గది వచ్చింది, పెరడు వచ్చింది. పోయింది మాత్రం నాలుగడుగులు వేస్తే వచ్చే అమ్మగారిల్లు. అయితే ఈ పుస్తకాన్ని కళ్లకద్దుకోనక్కర్లేదు. వాళ్ల పాత ఇంటర్వ్యూ నోట్సును తర్వాతి చరిత్రకారులు మళ్లీ చదివితే, ఇరుగుపొరుగు పోరు పడలేక వెళ్లిపోవాలని చూసినవాళ్లు, కొత్త ఇంట్లో హాయిగా ఊపిరి పీల్చుకున్నవాళ్లు కూడా కనబడ్డారు. పేద పేటలన్నీ ప్రేమతో పొంగిపొర్లుతుంటాయని రాయడం కూడా బయటివాళ్ల చూపే.

ఇంతకీ ఒక వీధి మీద మమకారం దేనివల్ల వస్తుంది? నగరం పెరిగేకొద్దీ, జనం కిక్కిరిసేకొద్దీ మనుషుల మధ్య బంధాలు పలచబడతాయని సామాజికవేత్త లూయిస్ వర్త్ 1938లో వాదించాడు. చాలాకాలం దాన్నే అందరూ వల్లెవేశారు. జాన్ కసార్డా, మోరిస్ జానొవిట్స్ 1974లో ఇంగ్లండ్ సర్వే లెక్కలతో పరీక్షించి చూస్తే వేరే సంగతి తేలింది. ఊరు ఎంత పెద్దది, ఎంత కిక్కిరిసింది అన్నదానికంటే, మనిషి అక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నాడన్నదే ముఖ్యమైంది. స్నేహాలూ చుట్టరికాలూ పెరిగేది ఆ ఏళ్లలోనే.

ఏళ్లు గడిచినా పరిచయాలు పెరగాలంటే మనుషులు ఒకరికొకరు తారసపడాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన క్వార్టర్లలో లియాన్ ఫెస్టింగర్, మరో ఇద్దరు మనస్తత్వవేత్తలు స్నేహాల లెక్క తీశారు. పక్క తలుపువాళ్లు దగ్గరి స్నేహితులైన సందర్భాలు నూటికి 41. ఒకే అంతస్తులో ఈ చివరా ఆ చివరా ఉంటే పదే. మెట్ల దగ్గర, పోస్టు డబ్బాల దగ్గర ఇల్లు దొరికినవాళ్లకు పై అంతస్తువాళ్లతో కూడా పరిచయాలు ఎక్కువ. స్వభావాలు కలిశాయా లేదా అన్నది తర్వాతి మాట, ముందు ఎదురుపడాలి.

ఈ వరసలో నాకు అన్నిటికంటే గట్టిగా అనిపించేది నగరాల రూపకల్పన మీద పనిచేసిన డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ పరిశోధన. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే రకం ఇళ్లున్న మూడు వీధుల్ని ఆయన ఎంచుకున్నాడు. తేడా వాహనాల్లోనే. ఒక వీధిలో రోజుకు 2 వేల బళ్లు తిరుగుతాయి, ఇంకోదాంట్లో 8 వేలు, మూడోదాంట్లో 16 వేల దాకా. తక్కువ బళ్లు తిరిగే వీధిలో ఒక్కో మనిషికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురు ముఖపరిచయస్తులు ఉన్నారు. రద్దీ వీధిలో స్నేహితుడు ఒక్కడు కూడా పూర్తిగా లేడు, సగటు 0.9. మీ ఇంటి హద్దు ఎక్కడిదాకా అనిపిస్తుందో గీసి చూపించమని కూడా అడిగాడు. బళ్లు తక్కువున్న వీధివాళ్లు దాదాపు వీధి మొత్తాన్నీ చుట్టేశారు. రద్దీ వీధివాళ్ల గీత తమ బిల్డింగు దాటలేదు, కొందరిది తమ వాటా దగ్గరే ఆగింది. పిల్లల్ని బయట ఆడుకోనివ్వరు, కిటికీలు తెరవరు, అరుగు మీద కూర్చుంటే మాట వినబడదు. అలాంటి చోట ఎదుటింటివాళ్ల పేరు తెలియకపోవడం మనుషుల తప్పా? రోడ్డు వెడల్పు చేసే ఇంజనీరు లెక్కలో ఈ పోయిన స్నేహాలు ఏ పద్దులోకీ రావు.

భయం సంగతి ఇంకో దారి పట్టింది. పగిలిన అద్దం ఒకటి బాగు చేయకుండా వదిలేస్తే ఆ వీధిని పట్టించుకునేవాళ్లు లేరన్న సంకేతం వెళ్తుందని, దాంతో నేరం పెరుగుతుందని 1982లో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ ఒక పత్రికలో రాశారు. పోలీసులకు అది బాగా నచ్చింది. సామాజికవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం 1995లో షికాగోలో ఒక బండిని నడక వేగంతో నడుపుతూ రెండు పక్కలా వీడియో తీసింది. 23 వేలకు పైగా వీధి ముక్కలు. ఎక్కడ చెత్త ఉంది, ఎక్కడ గోడల మీద రాతలున్నాయి అన్నది అందులోంచి లెక్కపెట్టి, అక్కడివాళ్లు చెప్పినదానితో సరిచూసింది. 2004లో వచ్చిన ఫలితం ఇబ్బందికరమైనది. తమ ఏరియా అస్తవ్యస్తంగా ఉందని జనం అనుకోవడంలో కంటికి కనబడే చెత్త కంటే, అక్కడ నల్లజాతివాళ్లు, పేదవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది బలంగా పనిచేసింది. నల్లజాతివాళ్లు కూడా దీనికి మినహాయింపు కాదు. అంటే ఉండేవాళ్ల మాట కూడా పూర్తిగా వాళ్లది కాదు. బూత్ కాలం నుంచి బయటివాళ్లు వేస్తూ వచ్చిన రంగు లోపలివాళ్ల కళ్లకూ అంటుకుంది.

అదే బృందం 1995లో 343 పేటల్లో 8,782 మందిని అడిగిన ప్రశ్నలు వేరే రకం. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి చివర తిరుగుతుంటే మీ ఇరుగుపొరుగు ఊరుకుంటారా? ఇంటి ముందు కొట్లాట జరిగితే ఎవరైనా అడ్డుపడతారా? దగ్గర్లోని ఫైర్ స్టేషన్ ఎత్తేస్తామంటే కదులుతారా? ‘అడ్డుపడతారు, కదులుతారు’ అన్న జవాబులు ఎక్కువగా వచ్చిన చోట, పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా, హింస తక్కువగా ఉంది. ఏరియా మీద ఇష్టాన్ని మార్కుల్లో కొలవడం కంటే ఇది మెరుగైన పద్ధతని నా అభిప్రాయం. జవాబు చెప్పే మనిషి తన సంగతి కాదు, పక్కవాళ్ల మీద తనకున్న నమ్మకం ఎంతో చెబుతాడు.

ఇదంతా చదివితే ఎవర్నీ ఎక్కడినుంచీ కదపకూడదనిపిస్తుంది. కానీ వెళ్లిపోవాలని ఎదురుచూసేవాళ్ల సంగతి వేరు. 1994 నుంచి 1998 మధ్య అమెరికాలోని ఐదు నగరాల్లో, కడు పేద పేటల్లోని ప్రభుత్వ క్వార్టర్లలో ఉంటున్న 4,600 కుటుంబాలను లాటరీ తీసి, కొందరికి పేదరికం తక్కువున్న చోట అద్దెకు ఉండటానికి వోచర్లిచ్చారు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో నలుగురికి ముగ్గురు చెప్పిన కారణాల్లో ముఠాలు, మత్తుమందులే ముందున్నాయి. వాళ్లకు ఆ పేట మీద మమకారం లేదా అంటే ఉండే ఉంటుంది. వోచర్ చేతికొచ్చినా దాంతో ఇల్లు మారినవాళ్లు సగం కంటే కాస్త తక్కువే. ఇల్లు దొరక్క ఆగినవాళ్లు ఎందరో, మనసొప్పక ఆగినవాళ్లు ఎందరో విడదీయడం కష్టం. పది పదిహేనేళ్ల తర్వాత చూస్తే పెద్దవాళ్ల సంపాదన పెరగలేదు గానీ, టెన్షన్ తగ్గింది, మనశ్శాంతి పెరిగింది. 13 ఏళ్లలోపు వయసులో మారిన పిల్లల సంపాదన మాత్రం పెద్దయ్యాక 31 శాతం ఎక్కువగా ఉందని ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం 2016లో తేల్చింది.

ఇప్పుడున్న మరో చిక్కు, మనిషి కదలకపోయినా ఏరియా మారిపోవడం. పేదల పేటల్లోకి డబ్బున్నవాళ్లు వచ్చి చేరడాన్ని రూత్ గ్లాస్ 1964లో లండన్‌లో గమనించి దానికి ‘జెంట్రిఫికేషన్’ అని పేరు పెట్టింది. ఆ తర్వాత న్యూయార్క్‌లో లాన్స్ ఫ్రీమన్ అలాంటి రెండు పేటల పాత కాపుల్ని కదిలిస్తే రెండు మాటలూ ఒకే నోట వచ్చాయి. వీధి దీపాలు వెలుగుతున్నాయి, మంచి షాపులొచ్చాయి, బాగుంది. మేమొక్కళ్లమే ఉన్నన్నాళ్లూ ఇవెందుకు రాలేదు? పదికి ఎన్ని మార్కులంటే ఈ మనిషి ఎన్ని వేయాలి?

అందుకే సర్వేలు ఇప్పుడు ఒక్క ప్రశ్నతో ఆగడం లేదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి జరుగుతున్న సర్వేలో, ఈ చోటు మీకు తృప్తిగా ఉందా అన్నది ఒక ప్రశ్న, ఇది మీదే అనిపిస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి ఔననేవాళ్లు కుర్రకారు కంటే పెద్దవయసువాళ్లలో ఎక్కువ. కసార్డా, జానొవిట్స్ చెప్పిన ఏళ్ల లెక్క గుర్తుంటే ఇందులో వింతేమీ లేదు. రెండేళ్లకో ఇల్లు మారే అద్దెదారుకు ‘మాది’ అనుకునే తీరికేదీ? అయితే ఎన్ని ప్రశ్నలు చేర్చినా ఈ సర్వేలు తలుపు తట్టేది ఇంకా అక్కడ ఉంటున్నవాళ్లదే. అద్దె పెరిగో, ఇల్లు కూల్చేసో వెళ్లిపోయినవాళ్ల జవాబు అందులోకి రాదు. ఫ్రీడ్ చేసినట్టు వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి అడగడానికి బోలెడు ఖర్చు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. ఒక చోటును పడగొట్టడానికి సంతకం పెట్టే కార్యాలయం ఆ పద్దుకు డబ్బు కేటాయించడం మాత్రం చాలా అరుదు.