వలస రాజ్యాల కాలేజీల్లో మైనింగ్ స్కూళ్ళు: అపోహలు - వాస్తవాలు

మైనింగ్ డిప్లొమా పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. ఈ చదువు ఎక్కడ పుట్టిందని అడిగితే "బ్రిటిష్ వాళ్ళు తెచ్చారు సార్" అంటారు. ఆ ముక్కకి తోడు ఇంకొన్ని అపోహలు కూడా వినిపిస్తుంటాయి.

అపోహ: లండన్‌లో ఉన్నదాన్నే తెచ్చి ఇక్కడ పెట్టేశారు.

లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్ 1851లో మొదలైంది. జర్మనీలోని ఫ్రైబర్గ్ అకాడమీ 1765 నాటిది. ఈ చదువులో పెద్దన్న జర్మనీయే. న్యూజిలాండ్‌లోని ఓటాగో యూనివర్సిటీ (1869) పదేళ్ళకి, 1879లో, మైనింగ్ స్కూల్ పెట్టినప్పుడు నడపమని పిలిచింది ఇంగ్లీషాయన్ని కాదు. జర్మనీలోని క్లౌస్టాల్‌లో చదివి, ఆస్ట్రేలియా బంగారు గనుల్లో ఆరితేరిన జార్జ్ ఉల్‌రిక్‌ని.

అపోహ: కాలేజీలో పెట్టారు కాబట్టి గనిలో పనిచేసేవాడికి ఒరిగిందేమీ లేదు.

ఇది సగం నిజం. కాలేజీలో పెడితే ఖర్చు కలిసొస్తుంది. లెక్కలు, కెమిస్ట్రీ చెప్పేవాళ్ళు, ల్యాబు ముందే ఉంటాయి. కానీ గని ఎక్కడో కొండల్లో ఉంటుంది. అందుకే 1880ల మధ్యలో ఓటాగో కెమిస్ట్రీ ప్రొఫెసర్ బ్లాక్ తానే బంగారు గనుల ఊళ్ళు తిరిగి కూలీలకు పాఠాలు చెప్పాడు. ఆ ఊపులో న్యూజిలాండ్‌లోనే థేమ్స్, రీఫ్టన్ లాంటి ఊళ్ళలో చిన్న స్కూళ్ళు లేచాయి. ఆ రోజుల్లో గని మనిషికి అన్నిటికన్నా పనికొచ్చే విద్య అస్సే, అంటే రాయిలో బంగారం ఎంతుందో తేల్చే పరీక్ష. రాయిని పొడి కొట్టి, లిథార్జ్ (సీసపు ఆక్సైడ్), సోడా కలిపి మూసలో కరిగిస్తే బంగారం సీసంతో కలిసి అడుగుకి దిగుతుంది. ఆ సీసపు ముద్దని ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలో కాలిస్తే సీసాన్ని గిన్నె పీల్చేస్తుంది, ఆవగింజంత పూస మిగులుతుంది. అందులోని వెండిని నైట్రిక్ యాసిడ్‌తో తీసేసి, మిగిలిన బంగారాన్ని తూచి టన్నుకెంతో లెక్క కట్టాలి. ఇది చేతికొచ్చినవాణ్ణి దళారీ మోసం చేయలేడు.

దక్షిణాఫ్రికాలో ఇంకో పద్ధతి పెట్టారు. 1896లో కింబర్లీలో స్కూల్ మొదలైనప్పుడు మొదటి రెండేళ్ళు కేప్‌టౌన్ లాంటి ఊళ్ళ కాలేజీల్లో, మూడో ఏడు కింబర్లీ వజ్రాల గనుల దగ్గర, నాలుగోది జొహానెస్‌బర్గ్‌లో. నన్నడిగితే ఇప్పటి మన ఇంటర్న్‌షిప్‌ల కన్నా అదే నయం.

అపోహ: మైనింగ్ స్కూల్ అంటే యూనివర్సిటీకి తోక.

ఆ కింబర్లీ స్కూలే 1904లో జొహానెస్‌బర్గ్‌కి మారి, పేర్లు మార్చుకుంటూ, 1922లో విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీ అయింది.

అపోహ: పట్టా చేతికొస్తే గని నడపొచ్చు.

మా పిల్లలకి ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ, గని నడిపే అర్హత ఇచ్చేది ప్రభుత్వ పరీక్ష. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. గనిలో పని చూసుకునే సర్దార్, ఓవర్‌మ్యాన్ నుంచి మేనేజర్ దాకా ఎవరి సర్టిఫికెట్ వాళ్ళకుండాలి. గ్యాస్ టెస్టింగ్ పరీక్షలో సేఫ్టీ ల్యాంప్ వత్తి తగ్గించి, మంట మీద కనిపించే లేత నీలి టోపీ ఎత్తుని బట్టి, గనిలో పేలిపోయే గ్యాస్ అయిన మీథేన్ ఎంత శాతం ఉందో చెప్పాలి. నాలుగేళ్ళ చదువున్నా అక్కడ కన్నే దిక్కు.

వలస పాలనలో ఈ సర్టిఫికెట్టే అడ్డుగోడ కూడా అయింది. దక్షిణాఫ్రికాలో 1911 గనుల చట్టం కింద వచ్చిన నిబంధనలు ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ రాష్ట్రాల్లో నల్లవాళ్ళకి సర్టిఫికెట్లు దక్కకుండా చేశాయి. బంగారం తవ్వింది ఎక్కువగా వాళ్ళే.

అపోహ: ధన్‌బాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ బ్రిటిష్ వాళ్ళ దయ.

1901 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభ ప్రభుత్వ మైనింగ్ కాలేజీ కావాలని తీర్మానం చేసింది. లండన్‌తో పాటు జపాన్ కాలేజీలనూ ఆదర్శంగా చూపింది. కమిటీలు, నివేదికలు అయ్యాక వైస్రాయ్ లార్డ్ ఇర్విన్ ధన్‌బాద్ స్కూల్ తలుపులు తెరిచింది 1926 డిసెంబరు 9న. ఈలోపే, 1923లో, బనారస్ హిందూ యూనివర్సిటీలో ఎన్.పి. గాంధీ మైనింగ్, మెటలర్జీ చదువు మొదలుపెట్టారు. మాలవ్య గారు చందాలెత్తి కట్టిన యూనివర్సిటీ సర్కారు కన్నా మూడేళ్ళు ముందుంది.

మన దగ్గర ఇల్లెందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. కొత్తగూడెంలో మైనింగ్ స్కూల్ వచ్చింది 1978లో. ఆ ఆలస్యాన్ని మాత్రం మొత్తంగా బ్రిటిష్ వాళ్ళ ఖాతాలో వేయలేం.