సుజిటోన్‌కి వెళ్ళాలంటే బుకింగ్ ఎందుకు? కలాంక్ పార్క్ వెనక నూటపదేళ్ళ కథ

ఫ్రాన్స్‌లో మార్సెయ్ వెళ్ళేవాళ్ళు చాలామంది పక్కనే ఉన్న కలాంక్ నేషనల్ పార్క్ కూడా లిస్ట్‌లో పెట్టుకుంటారు, తీరా మంచి వేసవిలో అక్కడికి వెళ్ళాక పార్క్‌లోని సుజిటోన్ బీచ్ వైపు ముందే బుక్ చేసుకోనివాళ్ళని పంపరని తెలిసి ఉసూరుమంటారు. బుకింగ్‌కి డబ్బులేం కట్టక్కర్లేదు, కాకపోతే రోజుకి 400 మందికే, లేకుండా దొరికితే 68 యూరోల ఫైన్. సముద్రంలో మునగడానికి కూడా పర్మిషనా అని కోపం రావడం సహజమే, కానీ ఈ రూల్ ఒక్కరోజులో పుట్టింది కాదు.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్తా. కలాంక్ అంటే తెల్లటి సున్నపురాయి కొండల మధ్యకి సముద్రం సన్నగా చొచ్చుకొచ్చిన లోయ, రెండు వైపులా నిటారుగా రాయి, అడుగున నీలం నీళ్ళు, మధ్యలో చారెడంత బీచ్. మార్సెయ్ నుంచి కాసీ ఊరి దాకా ఇలాంటివి వరసగా ఉన్నాయి: సోర్మియు, మోర్జియు, సుజిటోన్, ఆన్-వో, పోర్-పాన్, పోర్-మియు. మార్సెయ్ ఎనిమిది లక్షల పైచిలుకు జనం ఉన్న సిటీ, సిటీ బస్సు ఎక్కి లుమినీ యూనివర్సిటీ దగ్గర దిగితే ముప్పావుగంట నడకలో సుజిటోన్ వచ్చేస్తుంది. అంత దగ్గర కావడమే దాని అదృష్టం, దాని కష్టం కూడా.

అసలు ఈ కొండల్ని కాపాడాలని మొదట అనుకున్నది ప్రభుత్వం కాదు, ఆదివారాలు నడకకి వెళ్ళే మామూలు జనం. మార్సెయ్‌లో 1897లో కాలినడక యాత్రికుల సంఘం ఒకటి పెట్టారు, వాళ్ళకి ఈ కొండలు ఇంటి పెరడు లాంటివి. పోర్-మియు దగ్గర సున్నపురాయి క్వారీని ఇంకా పెంచుతారని తెలిసి 1910 మార్చిలో వేలమంది అక్కడికి చేరి నిరసన చేసారు, ఫ్రాన్స్‌లో ప్రకృతి కోసం జనం రోడ్డెక్కిన తొలి సందర్భాల్లో అదొకటని చెప్తారు. క్వారీ ఆ దెబ్బకి మూతపడిపోలేదు, ఇంకా దశాబ్దాలు నడిచింది, కాసీ నుంచి నడిచి వెళ్ళేవాళ్ళకి తొలిచేసిన ఆ రాయి ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ "ఇది మనది, దీన్ని తవ్వుకుపోనివ్వం" అనే మాట మాత్రం ఆ రోజు నుంచి మార్సెయ్ జనం నోట్లో నిలిచిపోయింది. పేరున్న పర్వతారోహకుడు గాస్తోన్ రెబుఫా పుట్టింది మార్సెయ్‌లో, రాయి ఎక్కడం నేర్చుకుంది ఈ కొండల మీదే.

1975లో కొండల్ని రక్షిత స్థలంగా ప్రకటించారు, దాంతో అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు రాకుండా ఆగాయి. సముద్రానికి మాత్రం ఆ అదృష్టం లేదు. గార్దాన్ ఊళ్ళో, అల్యూమినియంకి ముడిసరుకైన అల్యూమినా తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఎర్ర బురదని 1960ల నుంచి పైపులో తెచ్చి కాసీ ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలోకి, 300 మీటర్ల పైన లోతులో, వదులుతూ వచ్చారు. బురద వదలడం ఆగింది 2015 చివర్లో. అంటే నేషనల్ పార్క్ అని ప్రకటించాక కూడా మూడేళ్ళపైన నడిచింది, వడకట్టిన నీళ్ళు ఆ తర్వాత కూడా వదిలారు. నడిచేవాడి చెప్పుల మీద ఆంక్షలు పెట్టే ముందు ఈ పైపు మూసి ఉండాల్సింది అని అక్కడివాళ్ళు అంటే నేను వాళ్ళ పక్షమే.

పార్క్ వచ్చింది 2012 ఏప్రిల్‌లో. అంతకుముందు పదేళ్ళకి పైగా చర్చలే, జాలర్లు, వేటగాళ్ళు, పడవలవాళ్ళు, క్లైంబర్లు, సోర్మియు మోర్జియుల్లో తాతల నాటి చిన్న చిన్న బీచ్ ఇళ్ళున్నవాళ్ళు, ఒక్కొక్కళ్ళకి ఒక్కో భయం, తమ అలవాటు ఎక్కడ పోతుందోనని. చివరికి నేల మీద దాదాపు 85 చదరపు కిలోమీటర్లు, సముద్రంలో దాదాపు 435 కలిపి పార్క్ అయింది, సముద్రంలో కొన్ని చోట్ల చేపల వేట పూర్తిగా బంద్.

అయితే నేషనల్ పార్క్ అన్న పేరే ఇంకా జనాన్ని లాగింది. ఫోన్లో ఒక నీలం నీళ్ళ ఫోటో చూసి బయల్దేరేవాళ్ళు పెరిగారు, కోవిడ్ తర్వాత మరీను. సుజిటోన్‌లో రద్దీ రోజున 2,500 మంది దాకా దిగేవాళ్ళు. అక్కడ రాయి మీద మట్టి పొర చాలా పల్చన, రోజూ వేల అడుగులు పడితే అది పొడై లేచిపోతుంది, తర్వాత వాన పడితే మిగిలింది సముద్రంలోకి కొట్టుకుపోతుంది. పైన్ చెట్ల వేళ్ళు బయటపడి గాల్లో తేలుతున్నాయి. రాలిన గింజ మొలవడానికి మట్టి లేదు, మొలిచినా ఎవరో ఒకరు తొక్కేస్తారు, అంటే ఇప్పుడున్న ముసలి చెట్లు పోతే వాటి వెనక పిల్ల చెట్లు ఉండవు. ఎవరూ కావాలని పాడుచేసింది కాదు ఇది, ఇష్టపడి వచ్చినవాళ్ళ పాదాలతోనే జరిగింది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

2021లో పార్క్‌వాళ్ళు ఇంకో దారి పట్టారు, కిక్కిరిసిన బీచ్‌ల ఫోటోలు వాళ్ళే పెట్టి మీరు ఊహించుకునేలా ఉండదు అని చెప్పడం మొదలుపెట్టారు. అదొక్కటే సరిపోదని 2022 వేసవిలో సుజిటోన్‌కి, పక్కనున్న పియేర్ తొంబే బీచ్‌కి బుకింగ్ తెచ్చారు. 2,500 ఎక్కడ, 400 ఎక్కడ, తేడా మీరే చూడండి. 1910లో వేలమంది కలిసి వస్తే ఈ చోటు నిలబడింది, ఇప్పుడు నిలబడాలంటే అంతమంది ఒకేసారి రాకూడదు. నాకు ఈ రూల్ న్యాయమే అనిపిస్తుంది, ముఖ్యంగా డబ్బు పెట్టకుండా, ముందు అడిగినవాళ్ళకి ముందు అన్నట్టు ఇవ్వడం వల్ల. టికెట్ రేటు పెట్టి ఉంటే మార్సెయ్ పేదపేటల పిల్లలకే మొదట దూరమయ్యేది.

వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట, బుకింగ్ దొరికినా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నిప్పు ప్రమాదం చూసుకోవాలి. 1990లో ఈ కొండల్లో వేల హెక్టార్లు కాలిపోయాయి, మిస్ట్రాల్ అనే బలమైన ఉత్తరపు గాలి లేస్తే మంటని ఆపడం ఎవరి వల్లా కాదు. అందుకే ముందురోజు సాయంత్రమే మర్నాటి పరిస్థితి రంగుల్లో చెప్తారు, రెడ్ అయితే ఆ రోజు కొండల్లోకి అడుగుపెట్టనివ్వరు, మీరు ఎంత దూరం నుంచి వచ్చినా సరే. చలికాలంలో వెళ్తే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు, నీళ్ళు చల్లగా ఉంటాయి గానీ దారులు ఖాళీగా ఉంటాయి.