సగం సీట్లతో ఎగిరిన విమానం

సఖినేటిపల్లి

చిరంజీవులైన పిల్లలకి,

తాతయ్య దీవెనలు. సిమ్లా నుంచి తెస్తానన్న యాపిల్ పెట్టె ఏదని ఫోన్లో అలిగారు కదా, ఆ సంగతి తీరిగ్గా రాస్తున్నాను.

సిమ్లా విమానాశ్రయం ఊళ్లో లేదు. 22 కిలోమీటర్ల అవతల, జుబ్బర్‌హట్టి అనే చోట కొండ నెత్తిని కోసి చదును చేసి కట్టారు. సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన. మన రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో రన్‌వే 3 కిలోమీటర్లు దాటి ఉంటుంది; అక్కడిది 1,200 మీటర్ల చిల్లర. ఆ చివరా లోయే, ఈ చివరా లోయే. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకీ చవగ్గా విమానాలు నడపాలన్న కేంద్రం వారి ఉడాన్ పథకం కింద మొదటి విమానం ఎగిరింది అక్కణ్ణించే, ఢిల్లీకి. అదే రోజు మన కడప–హైదరాబాద్ సర్వీసునీ ప్రారంభించారు.

మేం ఎక్కింది రెండు పంకాల చిన్న ఏటీఆర్. కౌంటర్లో అబ్బాయి సంచులన్నీ కాటా వేశాడు. నా యాపిల్ పెట్టె దగ్గరికొచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు. తీరా లోపలికెళ్లి చూస్తే సగం సీట్లు ఖాళీ! ఒక్క పెట్టెకి చోటు లేదా అని మనసు చివుక్కుమంది.

అడ్డొచ్చింది చోటు కాదర్రా, గాలి. అంతర్వేది దగ్గర సముద్రంలోంచి వశిష్ఠ గోదావరిలోకి వచ్చే పడవని తలుచుకోండి. పడవ అదే, సరుకూ అదే. అయినా మంచినీళ్లలోకి వచ్చేసరికి రవ్వంత కిందికి కుంగుతుంది. ఉప్పునీరు చిక్కన, ఏటి నీరు పల్చన. పల్చటిది తక్కువ మోస్తుంది.

కొండమీద గాలీ అంతే. ఆ ఎత్తున అది మన కోనసీమ గాలికన్నా ఇంచుమించు ఏడో వంతు పల్చన. విమానం పడవలా ఉన్నచోట తేలదు; పరిగెత్తాలి, రెక్కలతో గాలిని కిందికి తొయ్యాలి. గాలి పల్చనైతే అదే బరువు లేవడానికి ఇంకా జోరందుకోవాలి. ఇంజన్‌కి అందే గాలీ తక్కువే కాబట్టి దాని సత్తువా తగ్గుతుంది. జోరు అందుకోవాలంటే దారి పొడుగుండాలి, దారేమో పొట్టి. ఇక తగ్గించగలిగింది బరువొక్కటే: మనుషులో, సామానో, ఇంధనమో. ఎండ ముదిరితే గాలి మరీ పల్చబడుతుంది. అందుకే కొండల్లో పొద్దుటి పూట ప్రయాణం మేలు.

నా చిన్నప్పుడు లంకకి వెళ్లే నావలో సరంగు ఒంగి, నీటికీ నావ అంచుకీ మధ్య జాన పెట్టి చూసేవాడు. చిటికెనవేలు తడిసిందా, "ఇంక చాలు, దింపండి" అనేవాడు. నావలో ఇంకా నలుగురు కూర్చునే చోటున్నా సరే, కొబ్బరికాయల బస్తా ఒడ్డుకి చేరాల్సిందే. ఎంత పెద్ద రైతైనా మారు మాట్లాడేవాడు కాదు. ఆ కౌంటర్ అబ్బాయి చేసిందీ సరంగు పనే. అది తట్టగానే నా కోపం పోయింది.

విమానం బయల్దేరాక కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాను. చక్రాల దడదడ ఆగింది. మరుక్షణం రన్‌వే అంచు దాటిపోయింది, దేవదారు చెట్లన్నీ ఒక్కసారిగా పాతాళంలోకి జారిపోయినట్టయింది. మీ నాన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మమ్మల్ని దింపడానికొచ్చిన టాక్సీ అబ్బాయి ఆ పెట్టెని పార్శిల్ వేశాడు. నిన్ననే వచ్చింది. అడుగు వరసలో నాలుగు కాయలు మెత్తబడ్డాయి, మిగిలినవి గడ్డిలో పెట్టి ఉంచాను. ఆదివారం పంటు దాటి రండి.

మీ తాతయ్య