టెన్షన్ మెదడు కణాల్ని చంపుతుందా?

"టెన్షన్ పడితే మెదడులో కణాలు చచ్చిపోతాయట, నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. వాట్సాప్‌లో చాలాకాలంగా తిరుగుతున్న మాటే ఇది. ల్యాబ్‌లో డిష్‌లో పెంచిన కణాలు దీనికి చిత్రమైన జవాబిచ్చాయి.

ఇంకా పుట్టని ఎలుక పిల్లల మెదడులోంచి హిప్పోకాంపస్ అనే జ్ఞాపకాల భాగాన్ని తీసి, కణాలను విడదీసి, 37 డిగ్రీల వేడిలో పెంచుతారు. కొన్ని రోజుల్లోనే వాటికి తీగలు సాగి ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. హిప్పోకాంపసే ఎందుకంటే, ఎలుకల్లో స్ట్రెస్ హార్మోన్ కార్టికోస్టిరోన్ అక్కడ బాగా పట్టుకుని ఉంటుందని 1968లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌యూవెన్ బృందం చూపించింది. మనలో ఆ పని కార్టిసాల్‌ది. ఇంటర్ పిల్లలు బట్టీపట్టే అడ్రినలిన్ వేరు. అది నిమిషాల్లో వచ్చి పోతుంది. కార్టిసాల్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది.

1980ల్లో అమెరికా మెదడు శాస్త్రవేత్త రాబర్ట్ సపోల్‌స్కీ ఇలా డిష్‌లో పెంచిన కణాల మీద ఈ స్ట్రెస్ హార్మోన్ వేసి చూశారు. ఒక్క హార్మోనే వేస్తే కణాలు పెద్దగా చావలేదు. దానికి తోడు కైనిక్ ఆమ్లం లాంటి విషం వేస్తే మాత్రం, ఆ విషం ఒక్కటే చంపేవాటికన్నా ఎక్కువ కణాలు చచ్చాయి.

ఎందుకంటే, హార్మోన్ కణంలోకి వెళ్లే గ్లూకోజ్‌ను సుమారు 15-30 శాతం తగ్గిస్తుంది. పల్లంలో ఉన్న ఇంట్లో నీళ్లు తోడే మోటారుకు లో వోల్టేజీ వచ్చిందనుకోండి. మామూలు రోజుల్లో ఎలాగో తోడేస్తుంది, ఎవరికీ తెలియదు. కుండపోత వాన పడిన రాత్రే ఇల్లు మునుగుతుంది. న్యూరాన్‌లోనూ (మెదడు కణంలోనూ) కాల్షియాన్ని, సోడియాన్ని బయటికి తోడే పంపులున్నాయి. వాటి కరెంటు ఏటీపీ, ఏటీపీకి ముడిసరుకు గ్లూకోజ్. ఇక్కడ వాన గ్లూటమేట్, అంటే న్యూరాన్లు ఒకదాన్నొకటి ఉత్తేజపరచడానికి వదిలే రసాయనం. పక్కనుండే ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు దాన్ని పీల్చేయాలి, కానీ వాటికీ అదే లో వోల్టేజీ. మిగిలిపోయిన గ్లూటమేట్ న్యూరాన్ మీదుండే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు అనే తలుపులను తెరిచే ఉంచుతుంది, కాల్షియం లోపలికి పోటెత్తుతుంది, ప్రొటీన్లను కోసే ఎంజైములు మేల్కొంటాయి, కణం పోతుంది. వోల్టేజీ పెంచితే? 1986లో ఎలుకలకు మానోజ్ అనే చక్కెర లాంటి ఇంధనం అదనంగా ఇచ్చి చూస్తే దెబ్బ తగ్గింది.

అంటే హార్మోన్ హంతకి కాదు, తలుపు గడియ తీసిపెట్టే మనిషి. అలాగని పరీక్షల టెన్షన్‌కి న్యూరాన్లు రాలిపోతున్నాయని దీన్నిబట్టి చెప్పలేం. ఒంట్లో కార్టిసాల్ పొద్దున పెరిగి రాత్రికి తగ్గుతుంది, మధ్యలో అలలుగా లేస్తుంది. డిష్‌లో అది పోసినంతా పోసినట్టే ఉంటుంది.

ఇంకో తిరకాసుంది. న్యూరాన్లు పెంచడానికి చాలా ల్యాబుల్లో వాడే బీ27 అనే మిశ్రమంలో కార్టికోస్టిరోన్ ముందే కలిపి ఉంటుంది! కొంచెం ఉంటే కణాలు బాగా బతుకుతాయని. దాంతో 'హార్మోన్ లేని డిష్' అనుకున్నదాంట్లోనూ హార్మోన్ ఉంటుంది. అందుకే ఇలాంటి ప్రయోగాలకు అది లేని మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) వేరుగా తయారుచేసుకోవాలి. సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) వాడితే, అందులోని ఇలాంటి హార్మోన్లున్న స్టిరాయిడ్లను ముందుగా బొగ్గుపొడితో లాగేయాలి.