కొప్పు ఎందుకు పేలింది?

మా అక్క కూతురు ఇక్కడే విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. పోయిన వానాకాలం ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "మావయ్యా, నా బొమ్మ కిల్న్‌లో పేలిపోయింది." గొంతులో ఏడుపు. రెండు వారాలు కూర్చుని చేసిన మట్టిబొమ్మ అది. కిల్న్ అంటే అలాంటి బొమ్మల్ని కాల్చే బట్టీ. జాలరిపేటలో చేపలమ్మే ఒక పెద్దావిడ తల, మెడ దాకా, వెనకాల ఇంత కొప్పు. ముఖం బాగానే ఉంది. కొప్పు మాత్రం పెంకులు పెంకులై పక్కనున్న ఇద్దరి బొమ్మల మీద పడింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఇక్కడ గుదియ కూడా లేదు.

"లోపల గాలి బుడగ ఉండిపోయిందట. అందరూ అదే అంటున్నారు. నువ్వు కెమిస్ట్రీ చెప్తావు కదా, నిజమేనా?"

పాపం గాలి బుడగ. మట్టి పని జరిగే ప్రతిచోటా నింద దానికే. లెక్క చూస్తే మాత్రం అది అంత పని చేయలేదు. 30 డిగ్రీల గాలిని 1000 డిగ్రీల దాకా వేడిచేసినా అది వ్యాకోచించేది నాలుగు రెట్లకు కాస్త పైన, అంతే. పచ్చి మట్టి గోడ నిండా కంటికి ఆనని సందులుంటాయి, ఆ గాలి వాటిలోంచి మెల్లగా జారుకుంటుంది. నీటి సంగతి వేరు. చెంచాడు నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే దాదాపు 1,700 చెంచాల చోటు కావాలి. సందుల్లోంచి అంత ఆవిరి ఒక్కసారిగా బయటికి రాలేదు, గోడను బద్దలు కొట్టుకుని వస్తుంది.

"కొప్పు లోపల తొలిచావా?" అని అడిగాను.

కాసేపు మాట లేదు. "కొప్పే కదా అని వదిలేశాను."

ముఖాన్ని పద్ధతిగానే చేసింది. కుమ్మరి సారె లేకుండా చేత్తో చేసే బొమ్మలకు ఉన్నవి మూడు దారులు: ముద్దను బొటనవేలితో నొక్కుతూ గిన్నెలా తెరవడం, మట్టిని తాడులా పేని చుట్టలు చుట్టలుగా పేర్చడం, అప్పడాల కర్రతో పలకలా వత్తి కోసి అతకడం. చైనాలో 1974లో బయటపడిన షియాన్ మట్టి సైనికుల మొండేలు కూడా చుట్టలు పేర్చి బోలుగా కట్టినవే. తల లాంటి వాటికి విద్యార్థులు ఇంకో ఉపాయం వాడతారు. ముందు గట్టి ముద్దతోనే చేసేసి, మట్టి కాస్త బిగిశాక తీగతో నెత్తి కోసి, లోపల చెంచాతో తొలిచి, మళ్లీ మూత పెట్టినట్టు అతికిస్తారు. గోడ బొటనవేలి మందం మించకూడదంటారు. మా పిల్ల ముఖాన్ని అలాగే తొలిచింది. కొప్పు మాత్రం నిమ్మకాయంత గట్టి ముద్ద.

అయితే ఆ మందం సూత్రాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. మందం నేరం కాదు. మందంలో తడి దాక్కుంటుంది, నేరం ఆ తడిది. షియాన్ సైనికుల కాళ్లు చాలావరకు గట్టి మట్టే, అయినా కాలి నిలబడ్డాయి. బాగా ఆరబెట్టి, నెమ్మదిగా వేడి ఎక్కించే ఓపిక ఉంటే గట్టి ముద్దా కాలుతుంది. కాలేజీలో సబ్మిషన్ తేదీ ముందున్నప్పుడు ఆ ఓపిక ఎవరికుంటుంది?

ఇంతకీ బంకమట్టికి ఆ బంక ఎక్కడిది? దాని రేణువులు మైక్రాన్లలో కొలిచే పలుచని పలకలు. రెండు గాజు పలకలు తడిపి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. పక్కకు జరుగుతాయి, పైకి మాత్రం ఊడిరావు. బంకమట్టి అంటే అలాంటి కోట్ల పలకలు, మధ్యలో నీటి పొర. నొక్కితే జారి కొత్త ఆకారంలో నిలబడతాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లు ఆ మట్టితో బొమ్మలు భలే వస్తాయనుకుంటారు. రావు. పేరుకే అది మట్టి, నిజానికి ఇనుప తుప్పు పూత పట్టిన ఇసుక. గుండ్రటి రేణువులకు పలకల జారుడు ఎక్కడిది? పైగా అది రక్షిత భూవారసత్వ స్థలం, తవ్వకూడదు. మన కైలాసగిరి, యారాడ కొండల ఖొండలైట్ రాయిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మాత్రం ఎండకూ వానకూ చివికి చివికి తెల్లని కేయొలిన్ బంకమట్టిగా మారుతుంది.

ఆరేటప్పుడు పలకల మధ్య నీరు పోయి అవి దగ్గరికి జరుగుతాయి. అందుకే బొమ్మ కుంచించుకుపోతుంది. మట్టిని బట్టి ఆరేసరికే నూటికి ఐదారు వంతులు తగ్గడం మామూలే. చెవి పలచన, తల మందం. చెవి ముందు ఆరి ముందే కుంచించుకుంటుంది, తల ఇంకా తడిగా కదలకుండా ఉంటుంది. ఆ లాగులాటలో అతుకు దగ్గర పగులు. స్లిప్ (పల్చటి మట్టి జావ) రాసి, గీతలు గీసి అతికించినా రెండు ముక్కల్లో తడి సమానంగా లేకపోతే ఆ అతుకు నిలవదు. చెవిని ప్లాస్టిక్ కవరుతో చుట్టి, తలను కప్పకుండా వదిలేయాలి. ఫ్యాన్ కింద అసలు పెట్టకూడదు.

ఇక్కడిదాకా విశాఖ గాలి మనకు చుట్టమే. సముద్రపు తేమ వల్ల బొమ్మ తొందరపడకుండా ఆరుతుంది. ఆఖరి మెట్టు దగ్గరే అడ్డం తిరుగుతుంది. మట్టి చుట్టూ ఉన్న గాలికంటే పొడిగా ఆరలేదు కదా. వానాకాలంలో బట్టలే ఆరని ఊళ్లో, పాలిపోయి ఆరినట్టు కనిపించే బొమ్మ లోపల తడి మిగిలే ఉంటుంది. కనిపెట్టడానికి చిన్న పరీక్ష: బొమ్మను చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే నీరింకా ఆవిరవుతూ వేడిని లాక్కుంటోందన్నమాట. మా పిల్ల ముఖాన్ని ఆనించి చూసిందట. కొప్పును చూడలేదు. చూసినా, లోతున ఉన్న తడి పైకి చల్లదనంగా తెలియకపోవచ్చు. అందుకే కిల్న్‌ను ముందు 80, 90 డిగ్రీల దగ్గర రాత్రంతా అలాగే ఉంచేస్తారు. నీరు మరగకుండానే మెల్లగా ఇగిరిపోతుంది. ఈ ఊళ్లో ఈ పని మానకూడదు.

అయినా నీరు పూర్తిగా పోలేదు. బంకమట్టి స్ఫటికంలోనే కొంత నీరు కట్టుబడి ఉంటుంది. శుద్ధ కేయొలిన్ బరువులో అది దాదాపు 14 శాతం. 450 నుంచి 600 డిగ్రీల మధ్య అదీ వదిలిపోతుంది. ఇక ఆ మట్టిని నానబెట్టినా మళ్లీ ముద్ద కాదు. మట్టి మట్టి కాకుండా పోయేది అక్కడే. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఉన్నట్టుండి కాస్త ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ ముడుచుకుంటుంది. బొమ్మ ఎలా వచ్చిందో చూద్దామని కిల్న్ తలుపు తొందరగా తెరిచేవాళ్లకు చీలిన బొమ్మలు దక్కడానికి ఇదొక కారణం.

పేలడం కొత్తేం కాదు. చెక్ దేశంలోని డోల్నీ వెస్టోనిట్సెలో 1925లో దొరికిన చిన్న స్త్రీ బొమ్మకు పాతిక వేల ఏళ్లకు పైనే వయసు. ఎత్తు 11 సెంటీమీటర్లు. అక్కడ దొరికినవాటిలో ఎక్కువ పగిలిన ముక్కలే. కావాలనే తడి బొమ్మల్ని నిప్పులో వేసి పేల్చేవారేమో అని కొందరు పరిశోధకులు అన్నారు. ఇది చెబితే మా పిల్ల మొదటిసారి నవ్వింది. "నేను కూడా కావాలనే చేశానని చెప్పనా?"

రెండో బొమ్మకు కొప్పు తొలిచింది, లోపలికి సన్నటి చిల్లు పెట్టింది, రాత్రంతా వేడి పట్టించింది. చక్కగా కాలింది. మూడు వారాల తర్వాత టీవీ పక్కనున్న ఆ బొమ్మ చెంప మీద పెసరగింజంత పెచ్చు ఊడింది. గుంట అడుగున తెల్లటి చుక్క. ఎవరూ ముట్టుకోలేదని అక్క ఒట్టేసింది.

"మట్టిలో ఏం కలిపావే?"

"గ్రాగ్ అయిపోతే బీచ్ ఇసుక కలిపాను, జల్లించే."

గ్రాగ్ అంటే మట్టిలో కలిపే కాలిన మట్టి పొడి. దాని బదులు ఇసుక వేసింది. బీచ్ ఇసుకలో గవ్వ ముక్కలుంటాయి. గవ్వంటే కాల్షియం కార్బనేట్. కిల్న్ వేడికి సున్నమైపోయింది. మన ఇళ్లకు వెల్ల వేసే సున్నమే, బొమ్మ గోడలో కూర్చుంది. గాలిలోని తేమ పీల్చి తడిసిన సున్నమైతే దాని పరిమాణం దాదాపు రెట్టింపు. చుట్టూ ఉన్న మట్టిని తన్నుకుని బయటికొచ్చింది. ఇక్కడా నీరే, ఈసారి బయటినుంచి లోపలికి. కిల్న్‌లోంచి తీసిన వెంటనే నీళ్లలో ముంచి ఉంచితే చాలావరకు ఈ గొడవ తప్పేది. ఇప్పుడు ఇంకెన్ని పెచ్చులు ఊడతాయో చూడాలి. ఆ పెద్దావిడ చెంపకు మచ్చ బాగానే నప్పింది, అది వేరే సంగతి.

మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది. ముందు పేలిన కొప్పు పెంకులన్నీ మా పిల్ల దాచిందట. కాలిన మట్టి పొడి కొత్త మట్టిలో కలిపితే అది మళ్లీ కుంచించుకోదు, ఆరేటప్పుడు ఆవిరికి దారి వదులుతుంది. గ్రాగ్ చేసే పని అదే. అందుకని ఆ పెంకుల్ని మా పిల్ల వాళ్లమ్మ పచ్చళ్ల రోట్లో వేసి దంచేసింది.

"గ్రాగో గాగో, నా రోలు ఎలా కడగాలో చెప్పమను మీ కోడల్ని."