గోల్ తప్పిన కుర్రాడికి గుండె లేనట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

"మాస్టారూ, మా గుంటడికి గుండె నేదంటన్నారు అందరూ. ఆట మానిపించీమంటారేటి?"

నేను ఆట నేర్పే ఫుట్‌బాల్ జట్టు పోయిన నెల ఒక మ్యాచ్ ఓడిన మర్నాడు పొద్దున్నే, మైదానం అంచున ఆడే మా వింగర్ వాళ్ల నాన్న గ్రౌండ్ గేటు దగ్గర ఆటో ఆపి అడిగిన మాట ఇది. కుర్రాడికి పదిహేడేళ్లు. మేం ఒక గోల్ వెనకబడి ఉండగా, 78వ నిమిషంలో, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నప్పుడు బంతిని బయటికి కొట్టాడు. ఆ సాయంత్రం శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర టీ కొట్టులో, రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. కంగారు పడ్డాడని కొందరు, పాస్ ఇవ్వాల్సిందని కొందరు, పెద్ద మ్యాచ్‌లకి పనికిరాడని ఇంకొందరు. ఆట మీద ప్రేమ లేకపోతే ఇంతగా వాదించరు, అది నాకు తెలుసు. కానీ ఆ మాటల్లో కొన్ని పిల్లల్ని ఆటకే దూరం చేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గోల్ పడలేదంటే నిర్ణయం తప్పినట్టే.

వాస్తవం: ఆ మ్యాచ్‌ని మా జట్టులో ఒకడి అన్నయ్య ఫోన్‌లో తీశాడు. ఆ పది సెకన్లని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. బంతి రాకముందు మావాడు రెండుసార్లు తల తిప్పాడు. కీపర్ ముందుకి వచ్చేశాడని చూశాడు. గోల్ అవతలి పోస్టు వైపు పరిగెడుతున్న మా జట్టువాణ్ని డిఫెండర్ కమ్మేశాడని చూశాడు. పాస్ దారి లేదు, కొట్టాలనుకున్నాడు. అది సరైన నిర్ణయం. తీరా బంతి ఆ గట్టి నేల మీద ఎగిరి, పాదానికి కాకుండా మోకాలి కింద ఎముకకి తగిలి పక్కకి పోయింది. దాన్ని అందుకునేసరికి వాడు కూడా మూలకి జరిగిపోయాడు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. పెనాల్టీ స్పాట్ మీద, అంటే 11 మీటర్ల దూరంలో ఎదురుగా నిలబడితే అది ఒకలా కనిపిస్తుంది. అదే గోల్ మధ్య నుంచి పది మీటర్లు పక్కకి జరిగి, గోల్ లైన్‌కి ఆరు మీటర్ల దూరంలో నిలబడితే, దూరం పెద్దగా పెరగకపోయినా, కొట్టడానికి దొరికే కోణం ఇంచుమించు సగమైపోతుంది. అందులో కీపర్ కూడా నిలబడి ఉంటాడు. గట్టు మీద కూర్చున్న మనకి మాత్రం గోల్ ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది.

కాబట్టి అక్కడ తప్పింది ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని మొదటిసారి తాకి అదుపులోకి తెచ్చుకోవడం. వాడి అసలైన తప్పుడు నిర్ణయం అదే వీడియోలో 31వ నిమిషంలో ఉంది. త్రో అందుకునే ముందు నాలుగు సెకన్లపాటు బంతినే చూస్తూ నిలబడ్డాడు, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. వెనకనుంచి ఒకడొచ్చి బంతి లాక్కుపోయాడు. నాలుగు పాస్‌ల తర్వాత మా మీద గోల్ పడింది. మ్యాచ్ పోయింది అక్కడ. టీ కొట్టు దగ్గర దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

మన ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు రకాల ఎత్తులూ కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లు ఎత్తింది 242.5 కిలోలు. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకి వెళ్లింది, అది నిలబడలేదు. అంత బరువుకి వెళ్లాల్సిందా లేదా అని మన జిల్లాలో ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. వాదించొచ్చు. కానీ బార్ కింద పడింది కాబట్టి నిర్ణయం తప్పు అంటే నేను ఒప్పుకోను. ఆ క్షణానికి వాళ్ల చేతిలో ఉన్న లెక్క ఏమిటో చూసి చెప్పాలి.

అపోహ: నిబ్బరం పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. తొంభై నిమిషాల ఆటలో ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది మొత్తం కలిపితే రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా వాడు ఏం చూస్తున్నాడన్నదే ఆ రెండు నిమిషాల్లో వాడు ఎలా కనిపిస్తాడో తేలుస్తుంది. నార్వేకి చెందిన గెయిర్ యోర్డెట్ అనే పరిశోధకుడు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల తలల కదలికల్ని వీడియోల్లో లెక్కపెట్టాడు. బంతి అందకముందు ఎక్కువసార్లు చుట్టూ చూసేవాళ్ల పాస్‌లు ఎక్కువగా సరైన చోటికి చేరుతున్నాయని తేలింది. అలా చూసేవాళ్లలో ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ ఫ్రాంక్ లాంపార్డ్ ముందు వరసలో ఉన్నాడు. మనకి "ఎంత కూల్‌గా ఆడతాడో" అనిపించేవాడు నిజానికి బంతి రాకముందే పని ముగించుకున్నవాడు.

మేం చేసే కసరత్తు చాలా చిన్నది. కుర్రాడు నాకు వీపు పెట్టి నిలబడతాడు. ఎదురుగా ఉన్నవాడు బంతి వేస్తాడు. బంతి దారిలో ఉండగానే నేను వెనక చేతి వేళ్లు చూపిస్తాను. బంతిని ఆపేలోపు తల తిప్పి ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదటి వారం పిల్లలు అంకె చెప్తే బంతి వదిలేస్తారు, బంతి ఆపితే అంకె వదిలేస్తారు. రెండు మూడు నెలలకి రెండూ కలుస్తాయి. అదే పిల్లాడు మ్యాచ్‌లో తాపీగా కనిపిస్తే ఊళ్లోవాళ్లు "ఈడికి గుండె ఎక్కువ" అంటారు.

అపోహ: బయటనుంచి గట్టిగా అరిస్తే కుర్రాడు దారిలో పడతాడు.

వాస్తవం: ఒకరు "కొట్రా" అని, ఒకరు "పాస్ ఇయ్యిరా" అని ఒకేసారి అరుస్తారు. మధ్యాహ్నం మూడున్నర ఎండలో మొదలైన ఆటలో డెబ్బై నిమిషాలు దాటాక పిల్లల తల తిరగడమే తగ్గిపోతుంది, చూపు బంతికి అతుక్కుపోతుంది. అప్పుడు మన కేకలు వాడికి ఇంకో బరువు. దయచేసి అరవకండి.

అపోహ: పెనాల్టీకి కదలకుండా నిలబడిన కీపర్ భయపడిపోయాడు.

వాస్తవం: ఇజ్రాయెల్ పరిశోధకులు 286 పెనాల్టీల్ని పరిశీలించి 2007లో ప్రచురించారు. కీపర్లు మధ్యలో ఉండిపోయింది 6.3 శాతం సార్లే. కానీ బంతి ఆపే అవకాశం ఎక్కువగా ఉన్నది అలా నిలబడినప్పుడే. మరి ఎందుకు దూకుతారు? దూకి గోల్ ఇస్తే "పాపం, ప్రయత్నించాడు" అంటాం. నిలబడి ఇస్తే "బొమ్మలా నిలబడ్డాడు" అంటాం. కీపర్‌ని గోల్‌లోంచి పక్కకి తోస్తున్నది కొంతవరకు మన నోరే.

అపోహ: ఒక్క పెద్ద మ్యాచ్‌లో తడబడితే వాడి సంగతి తేలిపోయినట్టే.

వాస్తవం: మెస్సీ 2022 ప్రపంచ కప్‌లో నవంబర్ 30న పోలండ్ మీద పెనాల్టీ తప్పాడు. డిసెంబర్ 18న ఫైనల్లో మ్యాచ్ మధ్యలో ఒకటి, షూటౌట్‌లో ఒకటి, రెండూ వేశాడు. మన సునీల్ ఛెత్రీ 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులు మీద తన 95వ అంతర్జాతీయ గోల్ కొట్టాడు. ఆరు రోజుల తర్వాత అదే మైదానంలో బంగ్లాదేశ్‌తో ఆటలో ఆయనతో సహా ఎవరూ గోల్ కొట్టలేదు. ఆరు రోజుల్లో మనిషి గుండె మారిపోతుందా?

ఆ రోజు వాళ్ల నాన్నని గట్టు మీద కూర్చోబెట్టి ఫోన్‌లో 31వ నిమిషం చూపించాను, తర్వాత 78వది చూపించాను. ఆయన రెండోది మళ్లీ పెట్టమన్నారు. కొడుకు తల తిరగడం చూసి, "ముందే సూసుకున్నాడే, బాబూ" అన్నారు. ఇప్పుడు రోజూ అయిదున్నరకి వాణ్ని ఆయనే ఆటోలో దింపుతున్నారు. వేళ్లు చూపించే పని నా దగ్గర్నుంచి ఆయనే తీసుకున్నారు. నిన్న పది బంతుల్లో ఏడింటికి అంకె సరిగ్గా చెప్పాడు. మిగతా మూడింటిలో రెండు కాలికింద నుంచి జారిపోయాయి, ఫస్ట్ టచ్ పని ఇంకా ఉంది.