కేసు కొట్టేసినా వెరిఫికేషన్‌లో పేరెందుకు వస్తుంది?

కోర్టు నిర్దోషి అని తేల్చినా, లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయినా, ఉద్యోగం వేళ వెరిఫికేషన్ పెడితే పాత ఎఫ్‌ఐఆర్ బయటికొస్తుంది. ఇది ఏ పోలీస్ స్టేషన్ రైటరో చేసిన పొరపాటు కాదు. పెద్దవాళ్ల (18 ఏళ్లు నిండినవాళ్ల) మీద నమోదైన కేసును రికార్డుల్లోంచి పూర్తిగా తుడిచేసే చట్టం మన దేశంలో లేదు. వేర్వేరు కాలాల్లో వచ్చిన ముక్కలే ఉన్నాయి.

మొదటిది బ్రిటిష్ వాళ్ల కాలం నాటి 1920 ఖైదీల గుర్తింపు చట్టం. అంతకుముందు శిక్ష పడని మనిషి నిర్దోషిగా బయటపడితే అతని వేలిముద్రలు, ఫొటోలు నాశనం చెయ్యాలని, లేదా అతనికే ఇచ్చెయ్యాలని ఏడో సెక్షన్ చెప్పింది. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, తీర్పుల ఊసు అందులో లేదు. ఆ కాగితాలు స్టేషన్లో, కోర్టు రికార్డు రూములో మూలపడి ఉండే రోజుల్లో ఆ లోటు ఎవరికీ పెద్దగా తగల్లేదు. దోషిని జైలుకు పంపకుండా మంచి నడత షరతుతో వదిలే 1958 ప్రొబేషన్ చట్టం శిక్ష వల్ల వచ్చే అనర్హతను తీసేసింది తప్ప రికార్డును కాదు. రికార్డునే నాశనం చెయ్యమన్నది బాలల న్యాయ చట్టం. 2015 చట్టంలో అది 24వ సెక్షన్. అందులోనూ పెద్దవాళ్లలా విచారణ జరిగిన కొందరికి అది వర్తించదు.

అసలు చిక్కు కంప్యూటర్లతో మొదలైంది. 2009లో మంజూరైన పోలీసుల కంప్యూటర్ నెట్‌వర్క్ సీసీటీఎన్ఎస్ స్టేషన్లను కలిపింది, కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్ కేసుల వివరాలను అందరి ముందూ పెట్టింది. ప్రైవేటు వెరిఫికేషన్ ఏజెన్సీలు పేరు, తండ్రి పేరు, చిరునామా పట్టుకుని ఈకోర్ట్స్‌లోనే వెతుకుతాయి. అదే పేరున్న ఇంకొకరి కేసు మన ఖాతాలో పడేదీ ఇక్కడే. 1920 చట్టం స్థానంలో వచ్చిన 2022 నేర ప్రక్రియ గుర్తింపు చట్టం వేలిముద్రల వంటివాటిని 75 ఏళ్లు ఉంచమంది. నిర్దోషులవి తీసెయ్యాలన్న నియమం మిగిలింది కానీ, అప్పీళ్లన్నీ ముగిశాకే.

కోర్టుల దారి ఇంకా తేలలేదు. నిర్దోషిగా బయటపడ్డ ఒకరి తీర్పును వెబ్‌సైట్‌లోంచి తీసెయ్యమని 2024లో మద్రాసు హైకోర్టు చెబితే, అదే ఏడాది సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

కాబట్టి ఇప్పటికి చేతిలో ఉన్నది కాగితమే. తీర్పు సర్టిఫైడ్ కాపీ, లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు), పోలీసులే కేసు మూసేస్తే ఆ ఫైనల్ రిపోర్టును అంగీకరించిన కోర్టు ఉత్తర్వు తీసుకోవాలి. ఒక కాపీ స్టేషన్లో ఇచ్చి, సీసీటీఎన్ఎస్‌లో కేసు ఫలితం నమోదు చెయ్యమని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోవాలి. "పెండింగ్" అన్న మాట ఏళ్ల తరబడి నిలిచిపోవడానికి ఈ పని జరగకపోవడం ఒక కారణం.

దరఖాస్తులో ప్రశ్న ఏమిటో అక్షరం అక్షరం చదవాలి. "పెండింగ్ కేసులున్నాయా" వేరు, "ఎప్పుడైనా అరెస్టయ్యారా" వేరు. రెండో దానికి, అరెస్టయి ఉంటే, కొట్టేసిన కేసు కూడా చెప్పాల్సిందే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఫారం ప్రశ్న స్పష్టంగా ఉండాలని, స్పష్టంగా అడిగింది మాత్రమే చెప్పాలని అంది. అయితే నిజం చెప్పినా, ముగిసిన కేసును పరిశీలించే హక్కు యజమానికి ఉందని కూడా అంది. బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద, అంటే నేరం అనుమానానికి అతీతంగా రుజువు కాలేదని బయటపడ్డవారికి ఇక్కడే కష్టం.

ఇంకొకటి. రాజీకి వీలైన సెక్షన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ నిర్దోషిగా విడుదలతో సమానం. కోర్టు చుట్టూ తిరగలేక నేరం ఒప్పుకుని జరిమానా కట్టేస్తే మాత్రం, అది ఎంత చిన్న మొత్తమైనా, శిక్ష పడినట్టే లెక్క.